రెక్కల గాలి

జబ్బు పిల్ల ఉన్న ప్రతి కథలోనూ ఒక కిటికీ ఉంటుంది. కిటికీ అవతల ఒక చెట్టో పిట్టో ఉంటుంది. చెట్టు చిగురిస్తే పిల్ల లేచి తిరుగుతుంది, ఎండిపోతే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఇంటర్ మొదటి సంవత్సరంలో నేనూ అతియా ఇలాంటి కథలు ఫోన్‌లో పెట్టుకుని పదుల కొద్దీ చదివాం, చదివి ముక్కులు చీదుకున్నాం. జబ్బు పిల్లకు తప్పకుండా ఒక ప్రాణ స్నేహితురాలు ఉంటుందని, పిట్టను చూపించి ధైర్యం చెప్పే పని ఆమెదేనని మాకు కంఠతా వచ్చు. రెండో సంవత్సరం వానాకాలంలో నాకే జబ్బు చేసేసరికి అతియాకు ఏం చేయాలో ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

జూన్ చివర్లో దగ్గు పట్టుకుంది. జూలైలో జ్వరం తోడైంది. చుడీదార్లు వదులయ్యాయి, కాలేజీ మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయేదాన్ని. చాంద్రాయణగుట్టలో మా గల్లీ చివరి డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి మచ్చలున్నాయన్నాడు. కఫం పరీక్షలో ఏమీ దొరకలేదు. దొరకకపోయినా టీబీయే అయి ఉంటుందని మందులు రాసి, గాలీ వెలుతురూ బాగా ఉన్న గదిలో వేరుగా పడుకోబెట్టమన్నాడు.

మా ఇంట్లో గాలీ వెలుతురూ ఉన్న గది ఒక్కటే, డాబా మీది రేకుల గది. మా డాడీ కృపాకర్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఒక్క పూట సెలవు పెట్టి, ఆ గదిలోని పాత సామాను కిందికి దించి, నా మంచం పైకి ఎక్కించాడు.

"గాలి మస్తుగ ఆడ్తది బిడ్డా. నెల దినాలల్ల లేచి ఉరుకుతవ్ చూడు," అన్నాడు.

అమ్మ నా కంచం, గ్లాసు, చెంచా వేరు చేసింది. ఏం కావాలన్నా పైనుంచి పిలవమంది, కిందికి మాత్రం దిగొద్దంది. ఇంకో మాట కూడా చెప్పింది. "గల్లీల ఎవ్వరికీ చెప్పకు." గల్లీకి ఆ సంగతి సాయంత్రానికే తెలిసిపోయింది. కాలేజీ స్నేహితులు రెండు రోజులు మెసేజీలు పెట్టారు, మూడో రోజు నుంచి వాళ్ళకు పరీక్షలు వచ్చిపడ్డాయి.

మా డాబాకూ పక్కింటి డాబాకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ. అవతల అజ్మత్ చాచా పావురాలు, నలభై దాకా ఉండేవి. చాచా చార్మినార్ దగ్గర లక్క గాజులు చేస్తాడు. పొద్దంతా కుంపటి ముందు వంగి కూర్చునే మనిషి, సాయంత్రం కాసేపు తలెత్తి ఆకాశం చూడకపోతే మెడ అలాగే ఉండిపోతుందని నవ్వేవాడు. అతియా ఆయన కూతురు, ఆరో తరగతి నుంచి నా దోస్తు.

నేను పైకి చేరిన మొదటి సాయంత్రమే అతియా పిట్టగోడ దూకి వచ్చింది.

"మీ అమ్మీ ఊకున్నదా?" అన్నాను నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని.

"మీ ఇంటి మెట్లు ఎక్కొద్దన్నది. గోడ దుంకొద్దని అనలే." చేతిలోని జొన్నలు మా డాబా మీద చల్లింది. నలభై పావురాలూ గోడ దాటి నా గుమ్మం ముందు వాలాయి. "ఎవరన్న అడిగితే పావురాలకు గింజలేస్తున్న. నిన్ను చూడనీకి రాలే. సమజైందా?"

సమజైంది. ఆ రోజు నుంచి సాయంత్రం ఐదు కొట్టగానే కింద వాళ్ళమ్మకు వినిపించేలా "కబూతర్లకు గింజలేసి వస్తా!" అని కేకేసి పైకి వచ్చేది. పది నిమిషాలు. మిగతా రోజంతా నేను ఆ పది నిమిషాల కోసం కూర్చునేదాన్ని. కిటికీలోంచి కనిపించేది నీళ్ళ ట్యాంకులు, తీగలు, ఫ్లైఓవర్ అంచు. బస్సులు పోతుండేవి. అందులో కూర్చున్న వాళ్ళందరి మీదా నాకు మండిపోయేది.

ఒక సాయంత్రం అతియా నానమ్మ మహబూబ్ బీ మోకాళ్ళు పట్టుకుంటూ పైకెక్కి వచ్చి, గోడ అవతల స్టూలు వేయించుకుని కూర్చుంది.

"ఈ పిల్లకు గోళీలు ఒక్కటే సరిపోవు. కబూతర్ రెక్కల గాలి తగలాలె," అంది. "నాకు లక్వా వచ్చి మూతి వంకర పోయినప్పుడు డాక్టర్లు చేతులెత్తేసిన్రు. రెండు నెలలు మొకం ముంగట కబూతర్‌ను రెక్కలాడించిన్రు. ఇప్పుడు సూడు నా మూతి."

"ఇంకా జర వంకరనే ఉంది దాదీ," అంది అతియా.

"అది లక్వాతోని కాదు. మీ తాతతోని లొల్లి పెట్టుకుని పెట్టుకుని వచ్చింది."

నవ్వి నవ్వి దగ్గొచ్చింది, దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళొచ్చాయి. అతియా అప్పుడే ఒక తెల్ల పావురాన్ని కాళ్ళు పట్టుకుని నా ముఖానికి దగ్గరగా ఎత్తింది. అది ఎగరబోయి రెక్కలు టపటపలాడించింది. చల్లటి గాలి చెంపలకు తగిలింది, గింజల వాసన వేసింది. కళ్ళు మూసుకున్నాను. నెల రోజుల్లో నా ముఖానికి అంత దగ్గరగా వచ్చిన ప్రాణి అదొక్కటే. అందుకే నిజంగా బాగున్నట్టే అనిపించింది. మర్నాటి నుంచి అది మందులాగే రోజూ జరిగింది.

ఆగస్టులో ఒక తల్లి పావురాన్ని గద్ద ఎత్తుకుపోయింది. గూట్లో వారం రోజుల పిల్ల మిగిలింది. పసుపు వెంట్రుకలతో, పెద్ద ముక్కుతో చూడ్డానికి వికారంగా ఉంది. అతియా దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టుకొచ్చి నా మంచం కింద పెట్టింది.

"నీకు పొద్దంతా పనేం లేదు గదా. నానిన శనగలు తినిపియ్యి. ఇది ఎగిరిన దినం నువ్వు మెట్లు దిగుతవ్. రాసి పెట్టుకో."

"చదివిన కథలన్నీ నాకే అంటిస్తవా?"

"మరెవరికి అంటియ్యాలె? నాకున్న రోగిష్టి దోస్తువు నువ్వొక్కదానివే."

దాని ముక్కు తెరిచి ఒక్కో శనగ గింజ లోపలికి నెట్టేదాన్ని. మెడ నిండాక నా ఒళ్ళోనే పడుకునేది. వెంట్రుకలు రాలి ఈకలు మొలిచాయి. ఈకల మీది తెల్లటి పొడి నా దుప్పటికీ చేతులకూ అంటుకునేది, దులుపుకునేదాన్ని. పిల్ల బలిసింది. నేను చిక్కిపోయాను. ప్రతి సాయంత్రం జ్వరం వచ్చేది. మందులు పనిచేసేటప్పుడు ఒళ్ళు అలాగే వేడెక్కుతుందని అమ్మ చెప్పేది. చెప్పి కిందికి వెళ్ళి మోకాళ్ళ మీద ప్రార్థన చేసేది, ఆ గొణుగుడు పైకి వినిపించేది.

సెప్టెంబరు మొదటి వారంలో ఊపిరి అందక పెద్దాసుపత్రిలో చేర్చారు. వార్డులో పది రోజులున్నాను. నాలుగో రోజుకు జ్వరం పోయింది. ఆరో రోజు వరండా చివరిదాకా నడిచాను. అమ్మ యేసయ్యకు స్తోత్రం అంది. అక్కడి డాక్టరమ్మకు మాత్రం అది నచ్చలేదు. పదో రోజు నా మంచం మీదే కూర్చుని చీటీలన్నీ తిరగేసింది. అమ్మ అప్పుడు మందుల కిటికీ దగ్గర వరసలో ఉంది.

"ఇంట్లో ఏ గోళీలు వేసుకున్నవో ఇక్కడా అవే వేసుకున్నవ్. అక్కడ తగ్గనిది ఇక్కడ ఎట్ల తగ్గింది?" అని అడిగింది. "ఇది టీబీ కాకపోవచ్చమ్మా. మీ ఇంట్ల పక్షులున్నయా? చిలకలు, పావురాలు, గట్లాంటివి?"

"ఎందుకు మేడం?"

"పావురాల ఈకల పొడి, ఎండిన రెట్ట దుమ్ము కొందరి ఊపిరితిత్తులకు పడదు. దూరం జరిగితే తగ్గుతది. దగ్గర్నే ఉంటే తిత్తులు గట్టిపడ్తయ్. గట్టిపడ్డది మళ్ళ మెత్తబడది. ఉన్నయా?"

నా చేతులు చూసుకున్నాను. పది రోజుల్లో గోళ్ళ సందుల్లోని తెలుపు పోయింది. గోడ దూకి వచ్చే అతియా కళ్ళ ముందు నిలబడింది. పావురాలుంటేనే గింజలు, గింజలుంటేనే ఆ పిల్ల పైకి రావడం. పావురాలు పోతే రేకుల గదిలో నేనూ, కిటికీ, పోయే బస్సులూ మిగులుతాం.

"లేవు మేడం," అన్నాను.

మా ఇంట్లో లేవు కాబట్టి అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. డాక్టరమ్మ సరేనని, నాలుగు వారాల తర్వాత స్కానింగ్‌కు రమ్మని తేదీ రాసింది. టీబీ మందులు అప్పటిదాకా ఆపొద్దంది. నేను మళ్ళీ టీబీ పేషెంటునై, నా వేరు కంచమూ వేరు గ్లాసూ ఎదురుచూస్తున్న గదిలోకి మెట్లెక్కి వచ్చాను. మెట్లు ఆగకుండా ఎక్కినందుకు డాడీ చప్పట్లు కొట్టాడు.

ఆ సాయంత్రం ఐదింటికి అతియా దూకి వచ్చి, డబ్బాలోంచి పిల్ల పావురాన్ని తీసి నా ఒళ్ళో పెట్టింది. అప్పటికది పిల్ల కాదు, మెడ మీద పచ్చ నిగనిగ కూడా వచ్చేసింది. "పది దినాలు నీ కోసం ఏడ్చిందే ఇది," అంది. నేను దాన్ని దగ్గరికి తీసుకున్నాను. తెలిసీ తీసుకున్నాను. పొద్దు మునిగేసరికి ఒళ్ళు కాలిపోయింది.

అలా ఇరవై రెండు రోజులు. రేపు చెబుతాను అనుకునేదాన్ని. రేపు వచ్చేది, అతియా వచ్చేది, కాలేజీలో ఎవరు ఎవరిని ఏమన్నారో చెప్పేది, నవ్వించేది, పది నిమిషాలు అయిపోయేవి. ఒకసారి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంటే, "వాసనొస్తుందా? గూళ్ళు కడగమంటనే," అంది. లేదన్నాను. నాకు చావంటే భయం లేదని కాదు. మస్తు భయముండేది. పొద్దున లేచి ఊపిరి గట్టిగా లాగితే ఛాతీలో ఎక్కడో ఆగిపోయేది. ఆ గదిలో రోజంతా ఒక్కదాన్నే ఉండటం అంతకంటే ఎక్కువ భయంగా ఉండేది. రెండింటి మధ్యా ఎటూ కదల్లేక, డబ్బా మూత మూసినట్టు పడి ఉన్నాను. స్నానానికి దిగాలంటే మెట్ల మీద మూడు చోట్ల కూర్చునేదాన్ని. అమ్మ నా వీపు నిమిరి, "మంచిగైతది, మంచిగైతది," అనేది. ఆ మాట వింటే ఆమె చెయ్యి తోసేయాలనిపించేది.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం వాన వెలిసి ఎండ వచ్చింది. ఆదివారం కావడంతో అతియా ముందే వచ్చింది. పావురాన్ని పిట్టగోడ మీద నిలబెట్టి అదిలించింది. అది రెండుసార్లు తూలింది. మూడోసారి లేచింది.

"ప్రీతీ! ఎగిరింది! ఎగిరిందే! బయటికి రా, చూడు!"

కిటికీలోంచి కనిపించింది. నీళ్ళ ట్యాంకు మీదుగా పోయి, వంకర టింకరగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది. అతియా డాబా మీద ఎగిరి గంతులేస్తోంది. నేను మంచం పట్టె పట్టుకుని లేవబోయాను. లేవలేకపోయాను. పిలుద్దామంటే మాటకు సరిపడా గాలి లేదు.

"ఏందే, లే! ఇప్పుడు నువ్వు మెట్లు దిగాలె!" అంటూ లోపలికి వచ్చి, నా పెదవుల రంగు చూసి ఆగిపోయింది. మరుక్షణం మా మెట్ల మీంచి "ఆంటీ! ఆంటీ!" అని అరుచుకుంటూ కిందికి పరిగెత్తింది. ఎక్కొద్దన్న మెట్లు అలా మొదటిసారి దిగింది.

ఆటోలో నా తల అతియా ఒళ్ళో ఉంది. అమ్మ ముందు డ్రైవరు పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఆసుపత్రిలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టాక లోకం కాస్త స్పష్టంగా కనిపించింది. అదే డాక్టరమ్మ. నా గుండెలు వినడానికి వంగింది, వంగి ఆగింది. నా మెడ దగ్గర చొక్కాకు అంటుకున్న చిన్న ఈకను రెండు వేళ్ళతో తీసి వెలుతురులో పెట్టి చూసింది.

"ఇదేంది?"

అమ్మ తెల్లబోయి చూసింది. జవాబు అతియా చెప్పింది. భయంలో కూడా ఆ గొంతులో ఎంత గర్వమో.

"మా కబూతర్‌ది మేడం. ఈమెనే పెంచింది. పొద్దంతా ఈమె మంచం కాడనే ఉంటది. రెక్కల గాలి మంచిదని మా దాదీ చెప్పింది, రోజూ నేనే తెచ్చి పెడ్త."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు, అలసట ఉంది.

"టీబీ కాదేమో, పావురాల పొడి పడ్తలేదేమోనని చెప్పి మరీ అడిగిన కదమ్మా. లేవన్నవ్."

అతియా ఆమెను చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మంచం పక్కన అమ్మ ఒక్కతే ఉంది.

స్కానింగ్ తీశారు, టీబీ కాదని తేలింది. కొత్త మందులు మొదలుపెట్టారు. ఊపిరితిత్తుల్లో కింది భాగం కొంత గట్టిపడిందని, అది ఇక అంతేనని, మిగతాది కాపాడుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. కాపాడుకోవచ్చన్న మాట అమ్మకు వినిపించింది. ఇక అంతేనన్నది నాకు వినిపించింది.

నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాడీ పక్కింటికి వెళ్ళి, జల్‌పల్లిలో కిరాయి గది చూసుకున్నామని, ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పాడట. అజ్మత్ చాచా వినలేదు.

"నీ బిడ్డ గాలి పీల్చుకోనీకి నువ్వు ఇల్లు ఇడుస్తవా కృపాకర్ భాయ్? మరి నేను పిట్టల్ని ఇడ్వలేనా?"

పావురాన్ని ఇచ్చేయడం అంత సులువు కాదు. ఎంత దూరం పంపినా రెక్కలు ఆడితే పాత గూటికే వచ్చేస్తుంది. అందుకే కొత్త చోటు అలవాటయ్యేదాకా దాని రెక్క ఈకలను దారంతో కట్టి ఉంచాలి. నలభై పావురాల రెక్కలూ అతియాయే కట్టిందని అమ్మ చెప్పింది. చాచా పట్టుకుంటే ఆ పిల్ల ఒక్కో ముడీ వేసిందట. నేను పెంచినదానికి కూడా. ఎగరడం నేర్చి వారం కాలేదు దానికి. తర్వాత డాడీ, చాచా మూతులకు గుడ్డలు కట్టుకుని రెండు డాబాలూ కడిగి సున్నం కొట్టారు. మహబూబ్ బీ మా గుమ్మంలో కూర్చుని, "నేనే చెప్పిన, నేనే చెప్పిన," అని ఏడ్చిందట. అమ్మ ఆమెకు టీ పెట్టి ఇచ్చిందట.

అక్టోబరు నెలాఖరుకు ఇంటికి వచ్చాను. ఈసారి కింది గదిలోనే పడక, అందరితో ఒకే కంచాలు. సాయంత్రాలు చాచా డాబా ఎక్కడం మానేశాడు, గల్లీలో కుర్చీ వేసుకుని నేల చూస్తూ కూర్చునేవాడు. నన్ను చూస్తే, "ఎట్లున్నవ్ బేటీ," అని నిజంగానే సంతోషంగా అడిగేవాడు. అది భరించలేకపోయేదాన్ని. అతియా రాలేదు. అమ్మ రెండుసార్లు వెళ్ళి పిలిచింది. పరీక్షలున్నాయని చెప్పిందట.

పది రోజులు చూసి నేనే వెళ్ళాను. వాళ్ళ ఇల్లు పై అంతస్తు, మెట్లు నిటారు. సగం ఎక్కేసరికి తలుపు తీసుకుని అతియా పై మెట్టు మీద నిలబడింది.

"ఎందుకొచ్చినవ్?"

"నువ్వు వస్తలేవని."

"ఇరవై రెండు దినాలు," అంది. "నా చేతులతోని తెచ్చి నీ ఒళ్ళ పెట్టిన. నీకు ఎరికే. ఎరికుండి తీసుకున్నవ్. నన్ను గట్ల ఎందుకు చేసినవే? నువ్వు సచ్చిపోతుంటివి, నేను గంతులేస్తుంటి."

"నువ్వు రావేమోనని భయమైంది."

"నేను ఎందుకు రాను?"

"పావురాలుంటెనే గదా నీకు వంక. అవి పోతే మీ అమ్మీ పైకి రానియ్యదు గదా."

అతియా ఒక మెట్టు దిగింది.

"టీబీ కాదేమోనని ఆ మేడం నీకు చెప్పింది గదా? గప్పుడే నోరు తెరిస్తే ఏమైతుండె? టీబీ లేదని గల్లీ మొత్తానికి తెలుస్తుండె. నేను గోడెందుకు దుంకుతుంటి? మీ దర్వాజకెల్లి వచ్చి పొద్దంతా నీ పక్కన కూసుంటుంటి. పిట్ట లేకుంటే నేను రాననుకున్నవా నువ్వు?"

అన్ని రోజులు ఆ మంచం మీద పడుకుని వెయ్యి ఆలోచనలు చేశాను. ఈ ఒక్కటి రాలేదు. పది నిమిషాలు పోతాయేమోనని పట్టుకుని వేలాడాను తప్ప, గోడ అవసరమే లేని స్నేహం ఒకటి ఉందని తట్టనే లేదు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

కాసేపటికి పైనుంచి, "ఆయాసం వస్తుందా?" అంది.

లేదు అనబోయాను. నాలుక చివరికి వచ్చేసింది.

"వస్తుంది," అన్నాను. "మస్తు వస్తుంది. జిందగీ మొత్తం ఉంటదంట."

అతియా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను ఊపిరి కుదురుకున్నాక ఒక్కో మెట్టూ దిగి ఇంటికి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాను. అమ్మ ఏమైందని అడిగింది. అయిపోయిందన్నాను.

మర్నాడు సాయంత్రం మా వీధి తలుపు ఎవరో కొట్టారు. అమ్మ తీసింది. ఎకనామిక్స్ పుస్తకం పట్టుకుని అతియా నిలబడి ఉంది. నా వైపు చూడకుండా లోపలికి వచ్చి, నా మంచం పక్కన చాప మీద కూర్చుని పుస్తకం తెరిచింది. నేను పలకరించాను. పేజీ తిప్పింది. అమ్మ ఇచ్చిన టీ తాగింది, దీపాలు పెట్టే వేళకు లేచి వెళ్ళిపోయింది. ఆ మర్నాడూ అంతే. క్రిస్మస్ దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క రోజు కూడా రాకుండా ఉండలేదు.